ప్రపంచాన్ని గెలిచిన దేశానికి సొంత విజేత
దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ చరిత్ర – బ్రెజిల్ జాతీయ చాంపియన్‌షిప్

1970 జూన్ 21న మెక్సికో నగరంలోని అజ్‌తెకా స్టేడియంలో బ్రెజిల్ ఇటలీని 4–1తో ఓడించింది. అది వాళ్లకు మూడో ప్రపంచ కప్పు. మూడుసార్లు గెలిచిన దేశానికి జూల్ రిమే కప్పు శాశ్వతంగా ఇచ్చెయ్యాలన్న నియమం ఉండేది కాబట్టి, ఆ బంగారు బొమ్మ ఇక వాళ్లదే. పన్నెండేళ్లలో ఇన్ని గెలిచిన దేశంలో జాతీయ చాంపియన్ ఏ క్లబ్బు? ఆ ప్రశ్నకు ఆనాడు తిన్నని జవాబు లేదు. రియోవాళ్లకు రియో రాష్ట్ర విజేతే గొప్ప. సావో పాలోవాళ్లకు వాళ్ల రాష్ట్ర విజేతే గొప్ప. దేశం మొత్తం ఒప్పుకునే లీగ్ అంటూ ఒకటి ఇంకా మొదలే కాలేదు.

అర్జెంటీనా, ఉరుగ్వేలలో సంగతి వేరు. అక్కడి లీగ్‌లు 1891లో, 1900లో పుట్టాయి. నిజానికి అవి బ్యూనస్ ఐరిస్, మోంటెవీడియో నగరాల పోటీలే. రాజధానిలో గెలిస్తే దేశాన్ని గెలిచినట్టే లెక్క. బ్రెజిల్‌లో ఆ లెక్క కుదరదు. అది భారతదేశానికి రెండున్నర రెట్లు పెద్దది. దక్షిణాన పోర్తో అలేగ్రె నుంచి ఉత్తరాన బెలెం దాకా గీత గీసినట్టు వెళ్లినా మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. రైలు మార్గాలు తక్కువ, రోడ్లు అంతకన్నా తక్కువ. ఒక జట్టును ఆదివారం ఆటకు అంత దూరం పంపడం విమానాలు వచ్చేదాకా ఊహకైనా అందని పని.

అందుకే అక్కడ ఫుట్‌బాల్ రాష్ట్రాలవారీగా పెరిగింది. సావో పాలో లీగ్ 1902లో, బాయియా లీగ్ 1905లో, రియో లీగ్ 1906లో మొదలయ్యాయి. ఒక్కో రాష్ట్ర సమాఖ్య ఒక్కో సంస్థానంలా ఎదిగింది. రియో, సావో పాలోల మధ్య వైరం ఎంత ముదిరిందంటే, 1930లో తొలి ప్రపంచ కప్పుకు వెళ్లిన బ్రెజిల్ జట్టులో సావో పాలో ఆటగాళ్లు దాదాపు లేనేలేరు. సమాఖ్యల తగాదాలో అక్కడి మేటి ఆటగాళ్లంతా ఇంట్లోనే ఉండిపోయారు. మనకు సంతోష్ ట్రోఫీ ఉన్నట్టే వాళ్లకూ 1920ల నుంచి రాష్ట్ర జట్ల మధ్య ఒక పోటీ ఉండేది. క్లబ్బుల విషయానికొస్తే, 1933లో ఒకసారి జరిగి 1950 నుంచి నిలదొక్కుకున్న రియో–సావో పాలో టోర్నీయే పెద్దది. మిగతా దేశం దాన్ని రేడియోలో వినేది.

ఈ ఏర్పాటును కదిలించింది దేశం లోపలి కోరిక కాదు, బయటి అవసరం. 1960లో ఖండం మొత్తానికీ విజేతను తేల్చే పోటీ మొదలవుతోంది. తరవాతి రోజుల్లో కోపా లిబెర్తదోరెస్‌గా పేరు పడ్డది అదే. ప్రతి దేశమూ తన చాంపియన్‌ను పంపాలి. బ్రెజిల్‌కు పంపడానికి చాంపియన్ లేడు! దాంతో 1959లో బ్రెజిల్ క్రీడా సమాఖ్య, అంటే సీబీడీ, తాసా బ్రజీల్ అనే నాకౌట్ పోటీ పెట్టింది. పదహారు రాష్ట్రాల విజేతలు తలపడ్డారు. అందరి అంచనా ఒకటే: పెలే ఆడుతున్న సాంతోస్ గెలుస్తుంది.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇక్కడే ఉంది. ఫైనల్లో సాంతోస్ ఎదుట నిలిచింది ఈశాన్య తీరంలోని సల్వదోర్ నగరపు క్లబ్బు బాయియా. 1959 డిసెంబరు 10న సాంతోస్ సొంత మైదానంలోనే బాయియా 3–2తో గెలిచింది. డిసెంబరు 30న సల్వదోర్‌లో సాంతోస్ 2–0తో బదులు తీర్చుకుంది. తేల్చే మూడో ఆట 1960 మార్చి 29న రియోలోని మరకానా మైదానంలో జరిగింది. బాయియా 3–1తో గెలిచింది. పంచదార మిల్లుల, బానిస ఓడల చరిత్ర ఉన్న, దేశం వెనకబడినదిగా చూసే ప్రాంతం నుంచి వచ్చిన క్లబ్బు తొలి జాతీయ విజేత అయింది. లిబెర్తదోరెస్‌లో బ్రెజిల్ తరపున తొలిసారి ఆడిందీ అదే. అర్జెంటీనా క్లబ్బు సాన్ లొరెంజో చేతిలో ఓడి తిరిగొచ్చినా, ఆ గౌరవం చెరిగేది కాదు.

తరవాతి ఏడు పల్మేరాస్ గెలిచింది. 1961 నుంచి 1965 దాకా అయిదేళ్లూ సాంతోస్‌వే. పెలే కాలం అది, ఇంకెవరికీ చోటు లేదు. చోటు చేసుకున్నది 1966లో క్రుజేరో. మీనస్ జెరాయిస్ రాష్ట్ర రాజధాని బేలో ఒరిజోంచెలో మినేరావ్ స్టేడియం తెరిచి ఏడాది దాటింది. నవంబరు 30న అక్కడ ఫైనల్ తొలి ఆట. విరామానికే క్రుజేరో 5–0, చివరికి 6–2. వారం తరవాత సావో పాలోలో సాంతోస్ రెండు గోల్స్ ముందుండగా క్రుజేరో పుంజుకుని 3–2తో గెలిచింది. ఆ జట్టుకు ప్రాణం పోసిన తొస్తావ్ వయసు అప్పటికి 19. రియో, సావో పాలోలు కాక మరో బ్రెజిల్ ఉందని ఆ రెండు ఆటలూ చాటాయి. 1967లో రియో–సావో పాలో టోర్నీలోకి మీనస్ జెరాయిస్, రియో గ్రాండి దో సూల్, పరనా క్లబ్బులను తీసుకున్నారు. మరుసటేడు బాయియా, పెర్నాంబూకో కూడా చేరాయి. రాబర్తావ్ అని జనం పిలుచుకున్న ఆ టోర్నీయే రాబోయే జాతీయ లీగ్‌కు నమూనా.

ఇక్కడ కథలోకి సైన్యం వస్తుంది.

1964లో సైనిక కుట్రతో ప్రభుత్వం మారింది. 1969లో అధ్యక్ష పదవికి వచ్చిన జనరల్ ఎమీలియో మెదీసి కాలం ఆ నియంతృత్వంలోకెల్లా క్రూరమైనది. పత్రికలకు సెన్సారు, జైళ్లలో చిత్రహింసలు. ఆయనే ఫుట్‌బాల్ అంటే పడిచచ్చే మనిషి కూడా. అత్లెతికో మినేరో ఫార్వర్డ్ దారియోను ప్రపంచ కప్పు జట్టులోకి తీసుకోవాలని ఆయన ముచ్చటపడ్డాడు. కోచ్ జోవావ్ సాల్దాన్యా కమ్యూనిస్టు, ముక్కుసూటి మనిషి. అధ్యక్షుడి మంత్రివర్గాన్ని తాను ఎంపిక చెయ్యడం లేదు కాబట్టి తన జట్టును అధ్యక్షుడు ఎంపిక చెయ్యనక్కర్లేదని తేల్చి చెప్పాడు. 1970 మార్చిలో ఆయన పదవి పోయింది. పోవడానికి ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, ఆ మాట మాత్రం నిలిచిపోయింది. దారియో మెక్సికోకు వెళ్లాడు, ఒక్క ఆట కూడా ఆడలేదు.

మూడో కప్పు రాగానే ఆ ఊపును ప్రభుత్వం వదులుకోలేదు. దేశాన్ని ఒక్కటి చెయ్యాలన్నది వాళ్ల నినాదం. అమెజాన్ అడవిలోంచి రహదారి వేస్తున్నారు. ఫుట్‌బాల్ ఫలితాల మీద పందెం కాసే ప్రభుత్వ లాటరీ 1970లో మొదలైంది. ఒక్కో టికెట్టు మీద పదమూడు ఆటలు. వారం వారం ఆటలుంటే తప్ప ఆ లాటరీ నడవదు. సీబీడీ అధ్యక్షుడు జోవావ్ అవెలాంజ్‌కు ఫిఫా కుర్చీ మీద కన్నుంది, తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఇన్ని అవసరాలు ఒకచోట కలిస్తే పుట్టింది 1971 జాతీయ చాంపియన్‌షిప్. ఎనిమిది రాష్ట్రాల నుంచి ఇరవై క్లబ్బులు. రియోవి అయిదు, సావో పాలోవి అయిదు, మిగతా పది ఇతర రాష్ట్రాలవి.

తొలి విజేత అత్లెతికో మినేరో. కోచ్ తేలే సంతానా. చివరి ముగ్గురి పోరులో సావో పాలో క్లబ్బును 1–0తో ఓడించి, డిసెంబరు 19న మరకానాలో బొతాఫోగోను ఎదుర్కొంది. ఒకే గోలు. తలతో కొట్టినవాడు దారియో. పదిహేను గోల్స్‌తో ఆ పోటీలో ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా అతడే. జనరల్ గారి ముచ్చట వల్ల అతడి పేరు చెడింది గానీ, అతడి ఆటలో లోపం లేదు. పేదరికంలో పుట్టి, బాల్యం అనాథ శరణాలయంలో గడిపి, నైపుణ్యం తక్కువని అందరూ అంటుంటే గాలిలో ఎగిరి తలతో గోల్స్ కొట్టి పైకొచ్చినవాడు. జాతీయ చాంపియన్‌షిప్ చరిత్ర అతడి గోలుతో మొదలవడం నాకు న్యాయంగానే తోస్తుంది.

ఆ తరవాత అంకెలు చూడండి. 1972లో 26 జట్లు. 1973లో 40. 1975లో 42. 1976లో 54. 1977లో 62. 1978లో 74. 1979లో 94!

ఏ లీగైనా ఇలా ఉబ్బడానికి ఆటలో కారణం దొరకదు. కారణం ఎన్నికల్లో ఉంది. సైన్యం రెండు పార్టీలను మాత్రమే బతకనిచ్చింది: తన పార్టీ అరేనా, అనుమతి పొందిన ప్రతిపక్షం ఎండీబీ. 1974 నవంబరు సెనేట్ ఎన్నికల్లో 22 స్థానాల్లో 16 ఎండీబీ గెలుచుకుంది. పాలకులు ఉలిక్కిపడ్డారు. ఫిఫాకు వెళ్లిపోయిన అవెలాంజ్ స్థానంలో 1975లో సీబీడీ పగ్గాలు అడ్మిరల్ ఎలేనో నూనెస్ చేతికొచ్చాయి. ఆయన రియోలో అరేనా పార్టీ అధ్యక్షుడు కూడా. అరేనాకు ఓట్లు తగ్గిన చోటల్లా జాతీయ లీగ్‌లో ఒక జట్టు పెరుగుతుందని జనం సామెతలా చెప్పుకునేవారు. అరేనా బాగున్న చోట కూడా ఇంకొకటి ఇస్తారని దానికి కొనసాగింపు.

ఒక్క వైపే చెప్పి ఊరుకుంటే అన్యాయం. ఆ కాలంలోనే మారుమూల రాజధానుల్లో పెద్ద స్టేడియాలు లేచాయి. మనౌస్, మసెయోలలో 1970లో, నతాల్‌లో 1972లో, ఫోర్తలేజా, తెరెజీనాలలో 1973లో. వాటిని కట్టించిన గవర్నర్లకు ఓట్ల మీద చూపు ఉండేది నిజమే. కానీ అమెజాన్ ఒడ్డున ఉన్న పిల్లవాడు రేడియోలో వినే ఫ్లమెంగోను, కొరింతియన్స్‌ను తన ఊళ్లో కళ్లారా చూసింది అప్పుడే. నియంతలు గీసిన పటమే అయినా, అందులోకి అంతకుముందెన్నడూ రాని ఊళ్లు వచ్చాయి.

నియమాలు మాత్రం ఏటేటా మారేవి. 1974లో తరవాతి దశకు పంపడానికి టికెట్ల వసూళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు. 1975లో కనీసం రెండు గోల్స్ తేడాతో గెలిస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు. ఓడినవాళ్లకు మళ్లీ అవకాశమిచ్చే ఉప పోటీలు కూడా ఉండేవి. ఒక జట్టు ఎందుకు ముందుకు వెళ్లిందో, ఇంకొకటి ఎందుకు ఆగిపోయిందో అభిమానికి అర్థమయ్యేది కాదు.

అయినా జనం వచ్చారు. ఎంతగా వచ్చారో చెప్పడానికి ఒక్క రోజు చాలు. 1976 డిసెంబరు 5. మరకానాలో సెమీఫైనల్: రియో క్లబ్బు ఫ్లూమినెన్సె, సావో పాలో క్లబ్బు కొరింతియన్స్. కొరింతియన్స్ శ్రామికుల క్లబ్బు. 1954 తరవాత చెప్పుకోదగ్గ కప్పు ఒక్కటీ గెలవలేదు. ఇరవై రెండేళ్ల కరువు. ఒకే ఒక్క ఆట, అదీ ప్రత్యర్థి ఊళ్లో. సావో పాలో నుంచి రియోకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. బస్సుల్లో, కార్లలో, దొరికిన బండినల్లా పట్టుకుని దాదాపు 70 వేల మంది బయల్దేరారు. ద్యూత్రా రహదారి నలుపు తెలుపు జెండాలతో నిండిపోయింది. స్టేడియంలో ఆ రోజు 1 లక్షా 46 వేల మంది. అందులో దాదాపు సగం బయటి ఊరివాళ్లు. వానలో, బురదలో ఆట 1–1తో ముగిసింది. పెనాల్టీలలో కొరింతియన్స్ గోల్‌కీపర్ తొబీయస్ రెండు ఆపాడు. కొరింతియన్స్ ఫైనల్‌కు చేరింది. వారం తరవాత పోర్తో అలేగ్రెలో ఇంతెర్నాసియోనాల్ చేతిలో 2–0తో ఓడింది. అయినా ఆ క్లబ్బువాళ్లు ఇప్పటికీ గుర్తు చేసుకునేది ఆ మరకానా యాత్రనే. రియో–సావో పాలో మధ్య రోడ్డు మీద ఆ రోజు కదిలిన జనమే ఈ పోటీని నిజంగా జాతీయ పోటీ చేశారని నా నమ్మకం. ఏ అడ్మిరల్ సంతకమూ ఆ పని చెయ్యలేదు.

ఆ దశాబ్దపు మేటి జట్టు ఇంతెర్నాసియోనాలే. 1975, 1976, 1979లో గెలిచింది. ఫాల్కావ్ నడిపిన ఆ 1979 జట్టు 23 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. పదహారు గెలుపులు, ఏడు డ్రాలు. 1971లో మొదలైన ఈ చాంపియన్‌షిప్‌ను ఓటమి లేకుండా గెలిచిన క్లబ్బు ఈనాటికీ అదొక్కటే. చిత్రం ఏమిటంటే ఆ ఘనత దక్కింది 94 జట్ల గందరగోళంలో. ఆ ఏడు కొరింతియన్స్, సావో పాలో, సాంతోస్, పోర్చుగేజా అలిగి తప్పుకున్నాయి. ముందటి ఏడాది ఫైనల్ ఆడిన గ్వారానీ, పల్మేరాస్ మూడో దశలో నేరుగా అడుగుపెట్టాయి. పల్మేరాస్ సెమీఫైనల్ దాకా వెళ్లి ఇంటికెళ్లేసరికి ఆడినవి అయిదు ఆటలే. గ్వారానీ గురించి ఒక మాట చెప్పాలి. 1978లో 74 జట్ల పోటీలో గెలిచిన ఆ క్లబ్బుది కంపీనస్. రాష్ట్ర రాజధాని కాని, రేవు కూడా కాని లోపలి పట్టణం నుంచి వచ్చిన ఏకైక విజేత అది. ఫైనల్లో గోలు కొట్టిన కరేకాకు అప్పుడు 17 ఏళ్లు.

1979లోనే సీబీడీని విడగొట్టి ఫుట్‌బాల్‌కు ప్రత్యేకంగా సీబీఎఫ్ ఏర్పాటు చేశారు. లీగ్ కొంత చిక్కింది. జికో ఆడిన ఫ్లమెంగో 1980, 1982, 1983లో గెలిచింది. 1983 ఫైనల్‌కు మరకానాలో లక్షా 55 వేల మందికి పైగా టికెట్టు కొన్నారు. ఇవి వెలుగు రోజులు. వీటి మీద వేరే వ్యాసమే రాయాలి.

గొడవంతా 1987లో పేలింది. పోటీ నడపడానికి తమ దగ్గర డబ్బు లేదని సీబీఎఫ్ చెప్పేసింది. పదమూడు పెద్ద క్లబ్బులు సంఘంగా ఏర్పడి, మరో మూడింటిని కలుపుకుని, పదహారు జట్లతో తమ సొంత పోటీ పెట్టుకున్నాయి. టీవీ ఒప్పందం, శీతల పానీయం ప్రకటనలు, నిండిన స్టేడియాలు. వ్యాపారపరంగా అది గొప్ప విజయం. కానీ మైదానంలో సంపాదించుకున్న హక్కును అది తొక్కేసింది. 1986లో రెండో స్థానంలో నిలిచిన గ్వారానీకి, సెమీఫైనల్ ఆడిన రియో క్లబ్బు అమెరికాకు ఆ పదహారులో చోటివ్వలేదు. వాటిని సీబీఎఫ్ నడిపిన రెండో విభాగంలో వేశారు. అమెరికా క్లబ్బు ఆడనని కూర్చుంది. ఆ దెబ్బ నుంచి అది మళ్లీ కోలుకోలేదు.

పెద్ద క్లబ్బుల పోటీ మొదటి విభాగమనీ, రెండు విభాగాల్లోనూ మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు చివర్లో తలపడాలనీ సీబీఎఫ్ నియమం. తాము దానికి ఒప్పుకోలేదని పెద్ద క్లబ్బులు. తమ ప్రతినిధి సంతకం ఉందని సీబీఎఫ్. మొదటి విభాగంలో ఫ్లమెంగో ఇంతెర్నాసియోనాల్‌ను ఓడించి తానే చాంపియన్ అంది. నాలుగు జట్ల పోరుకు ఆ రెండూ రాలేదు. రెసీఫె నగరపు స్పోర్ట్ క్లబ్బు 1988 ఫిబ్రవరి 7న గ్వారానీని 1–0తో ఓడించి చాంపియన్ అనిపించుకుంది. కేసు కోర్టుకెక్కింది. 2011లో సీబీఎఫ్ ఇద్దరినీ విజేతలుగా ప్రకటించి, కోర్టు ఆదేశంతో వెనక్కి తీసుకుంది. చివరికి 2017 ఏప్రిల్‌లో దేశ సర్వోన్నత న్యాయస్థానం స్పోర్ట్ ఒక్కటే విజేత అని తేల్చింది. ఆట ముగిసిన ఇరవై తొమ్మిదేళ్లకు! ఫ్లమెంగో అభిమానులు ఇప్పటికీ ఆ ఏడాదిని తమ లెక్కలో కలుపుకుంటారు. అప్పటి ఫ్లమెంగో గొప్ప జట్టు, సందేహం లేదు. కానీ గ్వారానీని, అమెరికాను బయట ఉంచి గెలిచినదాన్ని జాతీయ విజయం అనడానికి నాకు మనసొప్పదు.

2000 సంవత్సరంలో అదే జబ్బు తిరగబెట్టింది. కింది విభాగానికి దిగిపోవలసిన గామా అనే క్లబ్బు కోర్టుకు వెళ్లడంతో సీబీఎఫ్ చేతులు కట్టేసినట్టయింది. క్లబ్బుల సంఘమే 116 జట్లతో ఒక పోటీ నడిపింది. కింది వరుసలో మొదలైన సావో కయెతానో అనే చిన్న క్లబ్బు ఫైనల్ దాకా వచ్చింది. డిసెంబరు 30న వాస్కో ద గామా మైదానంలో జనం తాకిడికి కంచె కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆట ఆగిపోయింది. జనవరి 18న మళ్లీ ఆడించగా వాస్కో 3–1తో గెలిచింది.

2003లో అభిమానుల హక్కుల చట్టం వచ్చింది. ఎన్ని ఆటలు, ఎవరితో అన్నది ముందే తెలిసే జాతీయ పోటీ ఒకటైనా ఉండాలని, నియమాలు మధ్యలో మార్చకూడదని అది చెప్పింది. ఆ ఏడాదే నాకౌట్‌లు పోయి, అందరూ అందరితో రెండుసార్లు ఆడే పద్ధతి మొదలైంది. 24 జట్లు, 46 ఆటలు. అలెక్స్ ఆటతో క్రుజేరో సరిగ్గా 100 పాయింట్లు, 102 గోల్స్ సాధించి గెలిచింది. 2005లో ఒక రిఫరీ పందెంరాయుళ్లకు అమ్ముడుపోయాడని తేలి 11 ఆటలు మళ్లీ ఆడించారు. అయినా పద్ధతిని వదల్లేదు.

ఇక పాత లెక్కల సంగతి. 2010 డిసెంబరులో సీబీఎఫ్ తాసా బ్రజీల్, రాబర్తావ్ విజేతలను కూడా జాతీయ చాంపియన్లుగా గుర్తించింది. పెలే కాలపు సాంతోస్‌కు, 1959 బాయియాకు ఆ గుర్తింపు ఎప్పుడో దక్కాల్సింది. కానీ రెండు పోటీలనూ లెక్కలో వేయడం వల్ల పల్మేరాస్‌కు 1967 ఒక్క ఏడాదిలోనే రెండు టైటిళ్లు వచ్చాయి. 1968కి సాంతోస్, బొతాఫోగో అని ఇద్దరు చాంపియన్లు తేలారు. 2023లో అత్లెతికో మినేరో 1937లో గెలిచిన ఒక పోటీని కూడా ఆ జాబితాలో చేర్చారు. బాయియాకు ఇచ్చింది న్యాయం. 1937ను చేర్చడం మాత్రం చరిత్రను సాగదీయడమే.

2006 నుంచి బ్రెజిల్ జాతీయ లీగ్‌లో 20 జట్లు, ఒక్కోదానికి 38 ఆటలు, ఏటా కింది నాలుగు జట్లు రెండో విభాగానికి. ఆ నియమం అప్పటినుంచి మారలేదు.

(సశేషం)